మారు లేని భోజనం

వస్తాడనుకుంటే భయం, రాడనుకుంటే కోపం, ఈ రెండింటి మధ్య ఎర్ర రెగ్జిన్ కుర్చీలో కూర్చుని ఉన్నాను, ఏసీ గాలి నేరుగా నడినెత్తిన కొడుతోంది, హోటలుకి వచ్చేటప్పుడు శాలువా తెచ్చుకోవాలని ఎవరికి తెలుసు. తెనాలి బోసు రోడ్డులో సెల్‌ఫోన్ల దుకాణం పైన, మేడ మీద, చైనా హోటల్. చైనావాళ్ళెవరూ లేరు, గోడ మీద డ్రాగన్ బొమ్మ ఒకటి ఉంది, దాని నోట్లోంచి వచ్చే మంట కింద లక్ష్మీదేవి పటం, పటానికి దీపావళి నాటి బంతిపూల దండ ఇంకా వాడిపోకుండా ఉంది. మా మేనకోడలు హిమబిందు ఏరి కోరి చెప్పిన చోటిది. "అత్తా, అక్కడ సెట్ మీల్స్ ఉంటాయి, చవగ్గా ఉంటాయి, ఎవరి ప్లేటు వాళ్ళకి వచ్చేస్తుంది, గొడవుండదు" అంది ఫోన్లో. గొడవుండదన్నది భోజనం గురించో మా ఇద్దరి గురించో నేనడగలేదు. ఇద్దరమంటే నేనూ, దాని తండ్రీ. వాడు నా తమ్ముడు రవిశంకర్. మూడేళ్ళుగా వాడి మొహం నేను చూడలేదు, నా గుమ్మం వాడు చూడలేదు. ఇవాళ కార్తీక శుద్ధ విదియ, భగినీ హస్త భోజనం, అక్కచెల్లెళ్ళ చేతి అన్నం అన్నదమ్ములు తినాల్సిన రోజు. తింటే వాడికి ఆయుష్షు, పెడితే నీకు అయిదోతనం అనేది అమ్మ. చాలా ఇళ్ళలో ఈ పండగ పేరు కూడా తెలియదు, మా ఇంట్లో మాత్రం దీపావళి కన్నా ఇదే పెద్దది. ఇవాళ వాడికి నా చేత్తో ఒక్క ముద్ద పెట్టాలి. అందుకే వచ్చాను, ఇంకేమీ అక్కర్లేదు నాకు.

హోటలెందుకంటే ఇంకెక్కడా కుదరదు కనుక. "నీ గడప తొక్కను, నీ ఇంట్లో మెతుకు ముట్టను" అన్నాడు వాడు ఆ రోజు. అన్నాడంటే ఇక అంతే, మా నాన్న పోలిక, పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేనేమన్నా తక్కువ తిన్నానా, "నేను మాత్రం బాపట్ల పొలిమేర తొక్కుతానా" అన్నాను. బాపట్లంటే వాడిల్లే కాదు, నా పుట్టిల్లు కూడా అని మాట జారాక గుర్తొచ్చింది. నేనుండేది రేపల్లెలో. ఇటు రేపల్లె బండీ అటు బాపట్ల బండీ వచ్చి కలిసేది తెనాలిలో, హిమబిందు అత్తవారిల్లు కూడా ఇక్కడే, వాళ్ళింట్లోనే కలుసుకుంటాం లేవే అంటే, "వద్దత్తా, మా అత్తగారి ముందు మీరిద్దరూ మళ్ళీ మొదలుపెట్టారంటే నేను తలెత్తుకు తిరగలేను" అంది. తెలివైన పిల్ల. మేనత్త పోలిక అంటారు, నోరు మాత్రం నాది రాలేదు, అదృష్టవంతురాలు. హోటలుకి గడప ఉండదు, గాజు తలుపు ఉంటుంది. మెతుకు నా ఇంటిది కాదు. వాడి ఒట్టూ చెడదు, నా పంతమూ చెడదు, విదియా దాటిపోదు. కర్ర విరగకుండా పాము చావాలన్నట్టు కుదిర్చింది.

కుదిర్చింది సరే, ఇక్కడ భోజనమేంటో చూడాలి కదా. ప్లాస్టిక్ తొడుగు వేసిన పెద్ద మెనూ అట్ట నా ముందు పెట్టాడు సర్వరు, చొక్కా మీద జార్జి అని పేరుంది, నలభై దగ్గర పడ్డ మనిషి, మెడలో సన్నటి శిలువ, మాట మెత్తన. "సెట్ మీల్స్ రెండు రకాలండి. ఒకటో నంబరైతే సూప్, వెజ్ ఫ్రైడ్ రైస్, గోబీ మంచూరియా అండి. రెండో నంబరైతే రైస్ బదులు నూడుల్స్ అండి. అన్నీ ఒకే ప్లేట్లో వచ్చేస్తాయమ్మా." మాంసానికీ కూరలకీ బాణలి ఒకటేనా బాబూ అన్నాను. వేరేనండి, గరిటెలూ వేరేనండి అన్నాడు, అబద్ధమైతే ఆ పాపం వాడిది. ఉల్లీ వెల్లుల్లీ లేకుండా చేస్తారా, కార్తీకమాసం కదా అంటే ఉల్లి ఆపొచ్చండి, వెల్లుల్లి మాత్రం సాసులోనే కలిసి ఉంటుందండి అన్నాడు. నేను పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ కార్తీకమాసంలో వెల్లుల్లి వాసన కూడా చూసి ఎరగను. తెల్లవారుజామునే పెనుమూడి రేవులో కృష్ణలో మునిగి, తడి జుట్టుతో దీపం వదిలి వచ్చిన మనిషిని. అయినా కానివ్వు అన్నాను. తమ్ముడి కోసం వెల్లుల్లి తింటే ఏ దేవుడూ ఏమీ అనడు. చూశావుట్రా రవీ, నీకోసం ఎంత దిగొచ్చానో అని మనసులో వాడితో మాట్లాడేసుకున్నాను కూడా. "ఇద్దరమయ్యా, మా తమ్ముడొస్తాడు, వచ్చాక తీసుకురా. అన్నట్టు, రెండోసారి అడిగితే వడ్డిస్తారా?" అన్నాను. "సెట్ మీల్‌కి రెండోసారి ఉండదండి. కావాలంటే ఇంకో మీల్ చెప్పుకోవాలండి." మారు లేని భోజనమన్నమాట.

మారు లేకుండా ఎలా. మారు వడ్డించకుండా విస్తరి ముందు నుంచి మగపిల్లాణ్ణి లేపకూడదే అనేది అమ్మ, చాలంటాడు, చాలన్నాక కూడా పెట్టాలి, అదే అక్క చెయ్యి. బాపట్ల ఇంట్లో వంటింటి నడవలో ముగ్గేసి పీట వేసేది. వాడు నిక్కరు మీద నాన్న ఉత్తరీయం చుట్టుకుని పెళ్ళికొడుకులా కూర్చునేవాడు, ఆ కాస్సేపూ వాడంత పెద్దమనిషి ఊళ్ళో ఉండడు. నేను పరికిణీ కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, కుడిచేత్తో గరిటె, ఎడమచేత్తో గిన్నె, అమ్మ వెనకనుంచి చెబుతుండేది, ముందు నెయ్యి చుక్క వెయ్యి, ఇప్పుడు పప్పు, అటు కాదు, ఎడమవైపు పచ్చడి, గిన్నె విస్తరికి తగలనివ్వకు ఎంగిలవుతుంది. కంద వేపుడంటే వాడికి ప్రాణం. చాలే అక్కా అంటూనే విస్తరి మీద అడ్డం పెట్టిన చేతి వేళ్ళు కొంచెం ఎడం చేసేవాడు, ఆ సందులోంచి ముక్కలు వెయ్యమని. వేసేదాన్ని. అమ్మ చూసి చూడనట్టు అటు తిరిగేది. నా పెళ్ళయ్యాక ఏటా రేపల్లె వచ్చేవాడు, బండి దిగి నేరుగా పెరట్లోకి పోయి కాళ్ళు కడుక్కుని, "బావగారూ, ఇవాళ ఈ ఇంట్లో నేనే అల్లుణ్ణి, మీరు పక్కకి జరగాలి" అనేవాడు మావారితో. మావారు బసవేశ్వరరావు గారు తెలుగు మేష్టారు, ఎవరేమన్నా నవ్వే మనిషి, పీట జరిపి ఇచ్చేవారు. ఇవాళ పొద్దున కూడా స్టేషన్లో బండెక్కించి, "వాడేది తింటే అది తిను, ఏమన్నా ఊఁ అను, పద్ధతులు మాత్రం తీయకు" అన్నారు. నేనేం చంటిపిల్లనా చెప్పడానికి అనుకున్నాను భట్టిప్రోలు దాకా, వేమూరు దాటాక మాత్రం ఆయన మాట చెవిలో తిరగడం మొదలుపెట్టింది.

పద్ధతులు. అవే కదా కొంప ముంచింది. హిమబిందు పెళ్ళికి నాకు పిలుపు ఫోన్లో వచ్చింది. కార్డు. తాకితే పూలు రాలతాయి, సన్నాయి మోగుతుంది, గుర్రం మీద ఎవరో వెళ్ళిపోతారు. ఊరందరికీ పంపిన కార్డు, పాలవాడికీ పంపి ఉంటారు, అదే నాకూ. ఒక్కగానొక్క ఆడపడుచుని, పెళ్ళికూతురికి మేనత్తని, ముందు నలుగు పెట్టాల్సిన చెయ్యి నాది. గుమ్మంలోకి వచ్చి బొట్టుపెట్టి పిలిస్తే కదా వెళ్ళడం, పిలవని పేరంటానికి వెళ్ళే మొహమా నాది. మరదలు సౌజన్య ఫోన్ చేసి "ముందే వచ్చెయ్యండి వదినా, మీరు లేందే ఏదీ మొదలవదు" అంది. ఊఁ అన్నాను. వస్తారు, కారు వేసుకుని వస్తారు, పసుపుకుంకుమలు తెస్తారు అనుకున్నాను. నలుగు రోజు రాలేదు. స్నాతకం నాటికీ రాలేదు. పెళ్ళి రోజు పొద్దున్నే లేచి, ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుని, జడలో పూలు పెట్టుకుని వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మావారు బతిమాలారు, తమ్ముడింటికి పిలుపేంటే, పద అని. కదల్లేదు. వీధిలో ప్రతి కారు చప్పుడుకీ లోపల గుండె లేచి కూర్చునేది, వచ్చిందంటే ఏమనాలో మాటలు కూడా వెతికి పెట్టుకున్నాను, రెండు నిష్ఠూరాలాడి వెంటనే ఎక్కేద్దామని. నిజంగా ఎక్కేసేదాన్ని. మధ్యాహ్నానికి ముహూర్తం దాటిపోయింది, చీర మార్చుకున్నాను, పూలు తీసి తులసికోట మీద పెట్టాను. ఆ రాత్రి వాడు ఫోన్ చేశాడు. పెళ్ళిపెద్దవి నువ్వనుకున్నానక్కా, చుట్టంలా పిలవాలని నాకు తోచలేదు, ఎవరన్నా సొంత మనిషికి బొట్టుపెట్టి పిలుస్తారా అన్నాడు. ఏడుస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. సొంత మనిషినే ముందు పిలుస్తారురా, అది పద్ధతి అన్నాను. అప్పుడన్నాడు వాడు గడప మాట. ఇద్దరం నిజమే చెప్పాం, అదీ ఖర్మ. ఒకళ్ళదైనా అబద్ధమై ఉంటే ఎప్పుడో క్షమాపణ చెప్పుకుని అన్నాలు తినేవాళ్ళం.

ఎంతసేపైంది. పక్క బల్ల దగ్గర కాలేజీ పిల్లలు వచ్చారు, తిన్నారు, లేచి ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయారు, వాళ్ళ స్థానంలో ఎవరో మొగుడూ పెళ్ళాలూ చంటిపిల్లతో వచ్చి కూర్చున్నారు, ఆ పిల్ల నూడుల్సు ఒక్కొక్కటే పైకెత్తి చూసుకుని మురుస్తోంది. గాజు తలుపు తెరుచుకున్నప్పుడల్లా నేను తలెత్తుతున్నాను, తలెత్తినప్పుడల్లా ఇంకెవరో. జార్జి రెండుసార్లు వచ్చి నీళ్ళు పోసి వెళ్ళాడు, ఏమీ అడగలేదు, కానీ బయట మెట్ల మీద జనం నిలబడి ఖాళీ కుర్చీ వంక చూస్తున్నారు. అదిగో అప్పుడు పుట్టింది నాలో. వాడు రాడు. కావాలనే రాడు. వరండాలో కూర్చోబెట్టింది చాలక ఇవాళ ఊరుగాని ఊరు రప్పించి, మేడెక్కించి, ఎర్ర కుర్చీలో కూర్చోబెట్టాడు నన్ను. చీర కూడా మళ్ళీ ఆ ఆకుపచ్చదే కట్టుకొచ్చాను, సిగ్గులేని దాన్ని. నాకేం, నాకు తమ్ముడు లేడనుకుంటాను, నా తిండి నేను తిని నా బండి నేను ఎక్కుతాను. "ఏమయ్యా జార్జి, ఒకటి తీసుకొచ్చెయ్" అన్నాను. "సార్ రారా అమ్మా?" "రారు." ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఎంత పొగరో, వాడు వినాల్సింది.

వచ్చింది. తెల్లటి పళ్ళెం, గళ్ళు గళ్ళుగా, ఒక గడిలో బూరుగుదూది పువ్వంత తేలిక అన్నం, పొడుగు పొడుగు మెతుకులు, మధ్య మధ్య క్యారెట్టు తురుము, ఒక గడిలో ఎర్రగా నిగనిగలాడే గోబీ, చిన్న గిన్నెలో సూపు. తమ్ముడు తినకుండా అక్క తినకూడదు ఇవాళ. తినకూడదని తెలుసు, తెలిసే చెంచా ముంచాను. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళ మీద ఉన్న కడుపు, సూపు వేడిగా దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది, వెల్లుల్లి వాసన ముక్కుకి కొట్టింది, బాగుంది, ఇన్నేళ్ళూ దీన్నా వదులుకున్నది అనిపించింది. గోబీ ముక్క కొరికాను, సగం పళ్ళెంలో పెట్టాను. అన్నం తిన్నాను, నిజం చెప్పాలంటే కోపాన్ని నమిలాను, రుచి తెలియలేదు. సంచిలో ఫోన్ గురగురలాడింది. తీయలేదు. ఎవరైతే నాకేం. అది హిమబిందు ఫోనని, నాన్న బండి చుండూరు దగ్గర ఆగిపోయింది అత్తా, కాస్త ఓపిక పట్టు అని చెప్పడానికని తర్వాత తెలిసింది. అప్పటికి ఆ పళ్ళెంలో నా చెంచా తగలని గడి ఒక్కటి కూడా లేదు.

తలుపు తెరుచుకుంది. నేను తలెత్తలేదు, ఇంకెత్తనని ఒట్టేసుకున్నాను. కుర్చీ లాగిన చప్పుడైంది. "మొదలెట్టేశావా అక్కా" అన్నాడు. నిష్ఠూరం లేదు ఆ గొంతులో, ఆయాసం ఉంది. మీసం నెరిసింది, ఎవరూ నాకు చెప్పలేదు. మెడ దగ్గర చొక్కా వదులైంది. మెట్లెక్కినందుకు మోకాలు పట్టుకుని రాసుకుంటున్నాడు, నాన్నకి కూడా ఈ వయసులోనే వచ్చింది మోకాలు నొప్పి. నా నోట్లో ఇంకా అన్నం ఉంది. "బండి ఆపేశాడక్కా, గంటన్నరపైనే నిలబడిపోయింది. దిగి ఆటోలో వచ్చా. పొద్దున్నుంచి ఏం తినలా నేను. సౌజన్య రెండిడ్లీలు తిని వెళ్ళమంటే, అక్క పెడుతుందిగా అన్నా." నవ్వాడు. పన్ను ఒకటి ఊడింది పక్కన. అలా నవ్వుతూనే, బల్ల మీదుగా కుడిచెయ్యి చాపాడు. చెంచా అందుకోలేదు, పళ్ళెం లాక్కోలేదు, అరచెయ్యి వెల్లకిలా పెట్టి నా ముందుకు చాపాడు. "ఏదీ, ఒక ముద్ద పెట్టు" అన్నాడు.

"ఎంగిలిరా" అన్నాను.

నేననలేదు. అమ్మ అంది, అమ్మమ్మ అంది, నడవలో ముగ్గు మీది పీట అంది, ఎవరన్నా సరే మాట నా నోట్లోంచే వచ్చింది. రావడం కూడా నెమ్మదిగా రాలేదు, చంటిపిల్లాడు పొయ్యి ముట్టుకోబోతే గదమాయించినట్టు వచ్చింది. అంటూనే పళ్ళేన్ని ఇటు లాక్కున్నాను కూడా. లాక్కోవడం వాడు చూశాడు. వాడి చెయ్యి అక్కడే ఉంది కాస్సేపు, బల్ల మీద, వెల్లకిలా. కాకెంగిలి చేసుకుని ఎన్ని జామకాయలు తిన్నామురా మనం, నీ చొక్కా అంచు కాయ మీద కప్పి కొరికి సగం నాకిచ్చేవాడివి, అమ్మ చూస్తే గుడ్డ అడ్డం ఉందిగా ఎంగిలేంటి అని వాదించేవాడివి, గుడ్డ లేకుండా తిన్నవే ఎక్కువ, నీ నోట్లో నానిన బిళ్ళ తీసి నా నోట్లో పెట్టినవాడివి నువ్వు, ఇవన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి, వచ్చి ఏం లాభం, నోటి దాకా ఒక్కటి కూడా రాలేదు. వాడు చెయ్యి వెనక్కి తీసుకుని, దానికేదో అంటినట్టు కాగితం రుమాలుతో తుడుచుకున్నాడు. "అవును, పద్ధతి కాదు" అన్నాడు. వెటకారం కాదు. వెటకారమైనా బాగుండేది.

నేను గబగబా జార్జిని పిలిచాను, పక్క బల్ల వాళ్ళు తిరిగి చూసేటంత గట్టిగా. ఇంకో మీల్ తీసుకురా, త్వరగా. ఏ నంబరండి. ఏదైనా పర్లేదు అన్నాడు తమ్ముడు. సౌజన్య ఎలా ఉందన్నాను. బాగుందన్నాడు. బావగారెలా ఉన్నారన్నాడు. బాగున్నారన్నాను. ఊళ్ళో వానలు పడ్డాయా అని అడుగుతాడేమో అనిపించింది, రైల్లో పక్కవాణ్ణి అడిగినట్టు. సంచిలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టాడు, చీరాల నేత చీర, పసుపు రంగు, ఎర్ర అంచు. "విదియనాడు ఉత్త చేతుల్తో వెళ్ళకూడదంది సౌజన్య" అన్నాడు. అంటే వాళ్ళింట్లో కూడా పద్ధతి ఉంది. నాకు పెట్టాల్సింది ఉందని గుర్తుంది వాళ్ళకి. నేను చీర తీసుకుని కళ్ళకద్దుకున్నాను, ఆ పని మాత్రం చక్కగా చేశాను, అద్దుకోవడాలూ దండం పెట్టడాలూ నాకు బాగా వచ్చు.

పళ్ళెం వచ్చింది. నేను వడ్డిద్దామని లేచి నిలబడ్డాను, వడ్డించడానికి ఏముంది, గళ్ళన్నీ నిండే వచ్చాయి, జార్జి నేరుగా తెచ్చి వాడి ముందు పెట్టేశాడు. కనీసం నా చేత్తో ఆ గోబీ ముక్క ఒక్కటి ఆ గడిలోంచి ఈ గడిలోకైనా పెట్టనా అనుకున్నాను, నా చెంచా ఎంగిలి. ఇంకో చెంచా తీసుకురావయ్యా అన్నాను. తేవడానికి వెళ్ళాడు. చెంచా వచ్చేలోపల తమ్ముడు తినడం మొదలుపెట్టాడు, వంచిన తల ఎత్తకుండా, పరీక్ష రాసేవాడిలా, టకటకా. నెయ్యి చుక్క లేదు, పప్పు లేదు, విస్తరికి ఎడమేదో కుడేదో లేదు. కొత్త చెంచా చేతిలో పట్టుకుని నిలబడ్డాను నేను. "కూర్చో అక్కా" అన్నాడు. కూర్చున్నాను. "ఇది నీ ఇంటి మెతుకు కాదులే, ఒట్టు చెడలేదు" అన్నాడు నవ్వబోతూ, ఆ నవ్వు పూర్తికాలేదు. ఒరేయ్ రవీ, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టరా, నా పద్ధతీ తీసి పక్కన పెడతాను అనాలి. అంటాను, ఈ ముద్ద తిన్నాక అంటాను, సూపు తాగాక అంటాను అనుకుంటూ ఉన్నాను. "వేడిగా ఉందా" అన్నాను. "ఉంది" అన్నాడు.

సగం తిన్నాక చెంచా పక్కన పెట్టేశాడు. విస్తట్లో మెతుకు వదిలితే నాన్న లేవనిచ్చేవాడు కాదు మమ్మల్ని, వాడు ఎప్పుడూ వదిలేవాడు కాదు, ఆకుని అద్దంలా చేసి లేచేవాడు. "అదేంట్రా, తిను" అన్నాను. "చాలు" అన్నాడు. చాలన్నాక పెట్టాల్సింది అక్క చెయ్యి. ఆ చాలు ఎలాంటి చాలో నాకు తెలియదా, దాన్ని వినడానికే పుట్టినదాన్ని కదా నేను. కానీ పళ్ళెం మీద వాడి చెయ్యి అడ్డం లేదు, ఎడం చేసే వేళ్ళూ లేవు. కుర్చీ వెనక్కి జరిపాడు. "బండి ఉందక్కా, వెళ్తా" అన్నాడు. తెనాలిలో బళ్ళకేం కరువు, ఇది కాకపోతే ఇంకోటి. ఆ మాట నాకూ తెలుసు, వాడికీ తెలుసు. కౌంటర్ దగ్గర ఆగబోతే ఇవాళ నువ్వివ్వకూడదన్నాను. తలూపాడు. వంగి నా కాళ్ళకి దండం పెట్టాడు, మోకాలు పట్టేసినట్టుంది, లేవడానికి బల్ల అంచు పట్టుకున్నాడు. దీర్ఘాయుష్మాన్ భవ అన్నాను. అన్నీ సరిగ్గా అన్నాను. గాజు తలుపు తెరుచుకుంది, మూసుకుంది, మెట్ల మీద వాడి చెప్పుల చప్పుడు ఒక కాలుది గట్టిగా ఒక కాలుది మెల్లగా వినిపించింది, తర్వాత వీధి గోల వచ్చి దాన్ని కప్పేసింది.

ఇప్పుడు తెలుస్తోంది. ఇప్పుడే తెలియాలా. మూడేళ్ళు నేను గుమ్మంలో కూర్చుని ఎదురుచూసింది దేనికోసం, ఎవరో వచ్చి నువ్వు మాదానివి అని చెప్పడం కోసం. వాడొచ్చి చెప్పాడు. కుంకుమభరిణె తేలేదు, కారు తేలేదు, ఆకలి కడుపుతో వచ్చి, నేను ఎంగిలి చేసిన అన్నంలోంచి ముద్ద పెట్టమన్నాడు. పరాయివాళ్ళని అడుగుతారా అలా. సొంత మనిషికి పిలుపేంటని వాడు ఆనాడన్నది అబద్ధం కాదని చెయ్యి చాపి మరీ చూపించాడు. వెల్లుల్లి దిగింది నాకు, కార్తీకం చెడినా దిగింది, మాంసం వండే చోటికి వచ్చి కూర్చోవడం దిగింది, ఎంగిలన్న ఆ ఒక్కటి మాత్రం దిగలేదు. ఆ కోపంలో తినకుండా ఉంటే. ఫోన్ తీసి ఉంటే. ఎంగిలిరా అన్నాక కూడా, అయితే ఏంట్రా అని ఒక ముద్ద కలిపి పెట్టేసి ఉంటే. ఎంతసేపు పట్టేది. రేపల్లె స్టేషన్లో మావారు నిలబడి ఉంటారు, తిన్నాడా అని అడుగుతారు. తిన్నాడనే చెబుతాను. అబద్ధం కాదు కదా.

ఎదురుగా వాడి పళ్ళెం ఉంది. సగం అన్నం, రెండు గోబీ ముక్కలు, ఒకటి కొరికి వదిలేసింది, పన్ను ఊడిన చోట సరిగా తెగలేదేమో అంచు పీచుపీచుగా ఉంది. చెంచా దాంట్లోనే ఉంది, వాడి చెంచా. నేను నా పళ్ళెం పక్కకి నెట్టి, దాన్ని ఇటు లాక్కున్నాను. చెంచా తీసి పక్కన పెట్టాను. చేత్తో కలిపాను, పొడి అన్నం, ముద్ద కాలేదు, వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది, రెండోసారి గట్టిగా అదిమి నోట్లో పెట్టుకున్నాను. చల్లారిపోయింది. తింటున్నాను. పక్క బల్ల చంటిపిల్ల నా చెయ్యే చూస్తోంది. బల్ల తుడవడానికి గుడ్డ పట్టుకొచ్చిన జార్జి ఆగిపోయాడు.

"అమ్మా, అది సార్ తిని వదిలేసిందండి. మీ ప్లేటు ఇటుందండి."

"తెలుసయ్యా. మా తమ్ముడిదే. మాకు మాకు ఎంగిలేంటి" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చేసింది. ఇందాక ఆ మాట కోసమే వాడు చెయ్యి చాపి కూర్చున్నాడు.